బ్యాంకు మీ వివరాలు పోగొడితే ఆ ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడుతుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బ్యాంకు నుంచి మీకు ఉత్తరం వచ్చింది. వాళ్ల బ్యాకప్ పనులు చూసే బయటి సంస్థ దగ్గర్నుంచి మీ పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఖాతా నంబరు, గుర్తింపు పత్రం నకలు బయటికి పోయాయట. ఖాతాలో డబ్బు మాత్రం కదల్లేదు. ఏడాదిపాటు ఉచితంగా క్రెడిట్ మానిటరింగ్ (మీ పేరున ఎవరైనా కొత్త అప్పు తీస్తే మీకు చెప్పే సేవ) ఇస్తామన్నారు. రేపు ఏదైనా జరిగితే ఎవరు భరించాలి, ఆ ఉచిత సేవ తీసుకుంటే అడిగే హక్కు పోతుందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీ ప్రమేయం లేకుండా ఖాతాలోంచి డబ్బు పోతే, గడువులోపు మీరు చెప్పినట్లయితే, చాలా దేశాల్లో బ్యాంకే భరించాలి. వివరాలు పోయాయన్న ఒక్క కారణానికి మాత్రం మీ చేతికి డబ్బు దానంతటది రాదు. ఈ రెండింటి మధ్య మూడోది ఒకటుంది. పోయిన వివరాలు దగ్గర పెట్టుకుని ఎవరో బ్యాంకు మనిషిలా ఫోన్ చేసి, మీ చేతే డబ్బు పంపించుకోవడం. అసలు తగాదాలన్నీ అక్కడే, ఎక్కువసార్లు ఖాతాదారు ఓడిపోయేదీ అక్కడే. ఉచిత సేవ తీసుకున్నంత మాత్రాన హక్కు పోదు, కానీ దాని షరతుల్లో ఒక మెలిక ఉండొచ్చు, చివర్లో చెబుతాను.

మొదటి రకం గురించి. మీరు చేయని, ఒప్పుకోని లావాదేవీ విషయంలో చట్టాలు బాగానే స్పష్టంగా ఉన్నాయి. అమెరికాలో డెబిట్ కార్డు, ఖాతా బదిలీలకు 'రెగ్యులేషన్ ఈ' (E) అనే నిబంధన వర్తిస్తుంది. కార్డు పోయిన సంగతి తెలిసిన రెండు పనిదినాల్లో చెబితే మీ వాటా 50 డాలర్లు మించదు, ఆలస్యమైతే 500 డాలర్ల దాకా వెళ్తుంది. కార్డు మీ జేబులోనే ఉండి నంబరు మాత్రమే లీకైన సందర్భంలో, ఆ లావాదేవీ కనిపించే స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు చెబితే మీ వాటా సున్నా. ఆ 60 రోజులు దాటాక జరిగే దొంగతనాలకు మాత్రం పరిమితి లేదు, మొత్తం మీదే పడవచ్చు. యూరోపియన్ యూనియన్‌లో కస్టమర్ వాటా గరిష్ఠంగా 50 యూరోలు, బ్రిటన్‌లో 35 పౌండ్లు. బ్యాంకుకు చెప్పిన మరుసటి పనిదినం ముగిసేలోపు డబ్బు తిరిగి వేయాలి, ఖాతాదారే మోసం చేశాడని అనుమానించడానికి కారణం ఉంటే తప్ప. 13 నెలలు దాటితే అడిగే హక్కు పోతుంది.

భారతదేశంలో రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాలు మీలాంటి కేసుకు నేరుగా సరిపోతాయి. తప్పు బ్యాంకుదైతే మీరు చెప్పినా చెప్పకపోయినా మీ బాధ్యత సున్నా. తప్పు బ్యాంకుదీ మీదీ కాక మధ్యలో మరో చోట ఉంటే, సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెబితే సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే ఖాతా రకాన్నిబట్టి 5,000 నుంచి 25,000 రూపాయల వరకు పరిమితి. ఏడు దాటితే బ్యాంకు బోర్డు పెట్టుకున్న విధానం ప్రకారం. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగానైనా ఖాతాలో వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. రుజువు భారం బ్యాంకుదే. ఇలాంటి ఆదేశాలు మధ్యమధ్యలో సవరిస్తుంటారు కాబట్టి, ఫిర్యాదు రాసే రోజున అమల్లో ఉన్న రూపాన్ని బ్యాంకు సైటులోని కస్టమర్ పరిహార విధానంలో చూసుకోండి.

ఇక్కడ మీకు పనికొచ్చే సూక్ష్మం ఒకటుంది. "వివరాలు పోయింది మా దగ్గర కాదు, కాంట్రాక్టరు దగ్గర" అనే మాటతో కేసును 'తప్పు బ్యాంకుది' అన్న గుంపులోంచి 'మధ్యలో మరో చోట' అన్న గుంపులోకి నెట్టాలని చూస్తారు. ఒప్పుకోకండి. కాంట్రాక్టరును పెట్టుకుంది బ్యాంకు, వివరాలు అప్పగించింది బ్యాంకు. మీకు ఆ కాంట్రాక్టరుతో ఏ సంబంధమూ లేదు. యూరప్‌లో జీడీపీఆర్ (అక్కడి డేటా రక్షణ చట్టం) 82వ అధికరణం దీన్ని అరటిపండు ఒలిచినట్టు చెబుతుంది: ఒకే నష్టానికి ఇద్దరు బాధ్యులైతే బాధితుడు ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చు, వాళ్లలో వాళ్లు తర్వాత లెక్కలు చూసుకోవాలి. మిగతా చోట్ల చట్టం ఇంత సూటిగా లేకపోయినా నియంత్రణ సంస్థల ధోరణి ఇదే. పని బయటికి ఇవ్వొచ్చు, బాధ్యత బయటికి ఇవ్వడం కుదరదు.

ఈ మొదటి రకంలో కూడా కేసులు చెడేది చాలావరకు మూడు చోట్ల. ఫోన్‌లో చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోకపోవడం ఒకటి. స్టేట్‌మెంట్లు తెరిచి చూడకపోవడం రెండోది. మూడోది, ఫోన్‌లో అవతలివాళ్లు "ఏదైనా లింకు నొక్కారా" అని అడిగితే, కంగారులో "ఏమో, నొక్కానేమో" అనేయడం. ఆ మాట రికార్డవుతుంది. మూడు నెలల తర్వాత తిరస్కరణ ఉత్తరంలో మీ నిర్లక్ష్యానికి సాక్ష్యంగా ప్రత్యక్షమవుతుంది. అబద్ధం చెప్పమనడం లేదు. గుర్తులేకపోతే గుర్తులేదనండి, చూసి రాతపూర్వకంగా చెబుతాననండి.

"ఓటీపీ సరిగ్గా ఎక్కింది కాబట్టి లావాదేవీ మీదే" అనే వాదన కూడా వస్తుంది. యూరప్ చెల్లింపుల చట్టంలో 72వ అధికరణం దీనికి అడ్డుకట్ట వేసింది: సాధనం వాడినట్టు రికార్డు ఉండటం ఒక్కటే ఖాతాదారు ఒప్పుకున్నాడనడానికో, ఘోర నిర్లక్ష్యం చూపాడనడానికో చాలదు. ఆ చట్టం వర్తించని చోట కూడా తర్కం అదే. సిమ్ మార్పిడి జరిగిందా, కొత్త పరికరం నమోదైందా, ఎక్కడి నుంచి లాగిన్ అయ్యారు, ఆ రికార్డులు ఇవ్వమని అడగండి. గుర్తింపు పత్రం నకలు, పుట్టిన తేదీ బయటపడ్డాక ఫోన్ కంపెనీ దగ్గర డూప్లికేట్ సిమ్ తీయించడం దొంగకు సులువవుతుంది. అంటే లీకుకూ ఓటీపీకీ మధ్య దారి ఉంది. దాన్ని మీరు చూపించాలి, బ్యాంకు తనంతట తాను చూపించదు.

రెండో రకం, వట్టి వివరాలు పోవడం. ఇక్కడ చాలామంది జరిమానాల వార్తలు చూసి ఆశపడతారు. జరిమానా మీకు రాదు. బ్రిటన్‌లో నేషన్‌వైడ్ అనే గృహరుణ సంస్థ ఉద్యోగి ఇంట్లోంచి 2006లో ల్యాప్‌టాప్ దొంగతనమైంది. దాంట్లో ఖాతాదారుల సమాచారం ఉందన్న సంగతి సంస్థ పట్టించుకోవడానికే మూడు వారాలు పట్టింది. 2007లో ఆర్థిక నియంత్రణ సంస్థ 9,80,000 పౌండ్ల జరిమానా వేసింది, అదీ త్వరగా ఒప్పుకున్నందుకు 30 శాతం తగ్గించాక. అప్పటికి వాళ్ల ఖాతాదారులు కోటి పది లక్షలమంది. తలకు తొమ్మిది పెన్నీలు కూడా కాదు. ఆ తొమ్మిది పెన్నీలూ ఖాతాదారుకు వెళ్లలేదు. ఆ రోజుల్లో అక్కడ జరిమానా డబ్బును మిగతా ఆర్థిక సంస్థలు కట్టే వార్షిక రుసుము తగ్గించడానికి వాడేవారు. అంటే ఒక సంస్థ మీ వివరాలు పోగొడితే దాని పోటీదార్లకు లాభం. 2012 తర్వాతే అది ప్రభుత్వ ఖజానాకు మళ్లింది.

భారతదేశంలో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఇదే దారి. భద్రతా ఏర్పాట్లు చేయని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు, అది భారత సంచిత నిధికి జమ అవుతుంది. బాధితుడికి పరిహారం ఇప్పించే నిబంధన ఈ చట్టంలో లేదు. పాత ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్ కింద పరిహారం అడిగే వీలుండేది, దాన్ని తొలగించే నిబంధన ఈ కొత్త చట్టంలోనే ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. మీ ఘటన తేదీకి ఏ నిబంధన అమల్లో ఉందో లాయరుతో మొదట తేల్చుకోవాల్సింది అదే.

మరి కోర్టుకెళ్తే? కోర్టులు దేశానికో తీరున వెళ్తున్నాయి. అమెరికా సుప్రీంకోర్టు 2021లో ట్రాన్స్‌యూనియన్ అనే క్రెడిట్ బ్యూరో (జనం అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థ) కేసులో, ఫెడరల్ కోర్టులో నష్టపరిహారం అడగాలంటే నిజంగా జరిగిన నష్టం చూపాలి, ముందుముందు జరగొచ్చన్న ప్రమాదం ఒక్కటే చాలదంది. అదే ఏడాది బ్రిటన్ సుప్రీంకోర్టు గూగుల్ మీద వేసిన దావాలో, డేటా మీద అదుపు పోయిందన్న కారణానికే అందరికీ ఒకే మొత్తం ఇవ్వమనడం కుదరదని, ఎవరికి ఏం నష్టమో విడివిడిగా చూపాలని తేల్చింది. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం కొంత మెతకగా ఉంది. నియమం ఉల్లంఘించడం ఒక్కటే చాలదని 2023 మేలో చెప్పినా, నష్టం ఇంత పెద్దదై ఉండాలన్న కనీస గీత పెట్టకూడదంది. ఆ ఏడాది డిసెంబరులో బల్గేరియా పన్నుల శాఖ లీకు కేసులో, వివరాలు దుర్వినియోగం అవుతాయన్న భయం కూడా పరిహారానికి తగిన నష్టం కావచ్చంది. కావచ్చు అంది, అవుతుంది అనలేదు. ఆ భయానికి ఆధారముందని చూపడం బాధితుడి పనే.

నష్టం రుజువు లేకుండానే డబ్బు ఇప్పించిన కేసులూ లేకపోలేదు. దక్షిణ కొరియాలో మూడు కార్డు సంస్థల నుంచి పది కోట్లకు పైగా రికార్డులు పోయినట్టు 2014లో బయటపడింది. హ్యాకర్లెవరూ రాలేదు. మోసాలు పట్టే సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వచ్చిన క్రెడిట్ బ్యూరో ఉద్యోగి యూఎస్‌బీలోకి ఎక్కించుకుపోయాడు. తర్వాత అక్కడి కోర్టులు దావా వేసినవాళ్లకు మనిషికి లక్ష వోన్‌ల చొప్పున ఇప్పించాయి, అంటే అప్పటి లెక్కలో వంద డాలర్లలోపే. దావా వేయనివాళ్లకు అది రాలేదన్నది గమనించండి.

పోగొట్టుకోవడంలో కూడా తేడాలున్నాయి. దొంగిలించినట్టు తెలిస్తే ఒక తీరు, ఎక్కడో కనిపించకుండా పోతే ఇంకో తీరు. 2005లో అమెరికా బ్యాంకు సిటీగ్రూప్ 39 లక్షలమంది వివరాలున్న టేపుల పెట్టెను కొరియర్‌లో క్రెడిట్ బ్యూరోకు పంపితే దారిలో మాయమైంది. టేపులు ఎన్‌క్రిప్ట్ చేయలేదు, అంటే తాళం చెవి లాంటి కోడ్ లేకుండా చదవలేని రూపంలోకి మార్చలేదు. ఆస్ట్రేలియాలో కామన్‌వెల్త్ బ్యాంకు 2016లో దాదాపు రెండు కోట్ల ఖాతాల స్టేట్‌మెంట్లున్న రెండు టేపుల ఆచూకీ తప్పింది. ధ్వంసం చేయమని కాంట్రాక్టరుకిచ్చారు, ధ్వంసమైనట్టు పత్రం రాలేదు. బహుశా ధ్వంసమయ్యే ఉంటాయని తేల్చుకుని ఖాతాదారులకు చెప్పలేదు. 2018లో మీడియాలో వస్తేగానీ బయటపడలేదు. ఇలాంటి కేసుల్లో ఎవరి చేతికి చిక్కిందో ఎవరికీ తెలియదు కాబట్టి నష్టాన్ని దానికి ముడిపెట్టడం దాదాపు అసాధ్యం. అందుకే మీ ఉత్తరంలో "పోయింది" అని రాశారా, "అనధికారికంగా పొందారు" అని రాశారా అన్నది జాగ్రత్తగా చదవండి. రెండోది మీకు ఎంతో బలం.

సామూహిక దావాల రాజీల్లో అంకెలు పెద్దగా కనిపిస్తాయి, పంచితే చిల్లర. అమెరికా బ్యాంకు క్యాపిటల్ వన్‌లో 2019లో జరిగిన లీకుకు ఒక నియంత్రణ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది, ఖాతాదారులతో 19 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. బాధితులు దాదాపు 9.8 కోట్లమంది, తలకు రెండు డాలర్లు కూడా రావు, అందులోంచి లాయర్ల ఫీజులు పోవాలి. కానీ అదే రాజీలో రసీదులతో నష్టం చూపినవాళ్లకు ఒక్కొక్కరికి 25,000 డాలర్ల దాకా అడిగే వీలుండేది, దీనికోసం తిరిగిన గంటలకూ డబ్బు ఉండేది. ఈక్విఫ్యాక్స్ అనే క్రెడిట్ బ్యూరోలో 2017 లీకు తర్వాత 125 డాలర్లు ఇస్తామన్న వార్తకు జనం ఎగబడ్డారు. ఆ పద్దుకు కేటాయించింది 3.1 కోట్ల డాలర్లే, బాధితులు 14.7 కోట్లమంది. అందరూ అడిగితే తలకు 21 సెంట్లు. ఇక్కడా కాగితాలు దాచుకున్నవాళ్లకు వేరే పద్దు ఉండేది.

దీన్ని ఇంకా బాగా చూపేది అమెరికాలో టార్గెట్ దుకాణాల 2013 కేసు. నాలుగు కోట్ల కార్డులు లీకయ్యాయి, తప్పు బ్యాంకులది కాదు, అయినా కార్డులు మార్చిన ఖర్చూ మోసాల నష్టమూ ముందు బ్యాంకుల మీద పడ్డాయి. తర్వాత టార్గెట్ వీసా కార్డుల బ్యాంకులకు 6.7 కోట్ల డాలర్ల దాకా, మాస్టర్‌కార్డ్ బ్యాంకులతో సహా మిగతా బ్యాంకులకు 3.9 కోట్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఖాతాదారులకు కోటి. బ్యాంకుల దగ్గర ప్రతి కార్డుకూ ఇన్వాయిస్ ఉంది, జనం దగ్గర చిరాకు ఉంది. నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తం ఇంతే. తప్పు ఎవరిదన్నదానికంటే లెక్క ఎవరు చూపించగలరన్నదాన్నిబట్టి ఖర్చు కదులుతుంది.

బ్యాంకు లోపల ఏమవుతుందో కూడా కొంచెం తెలిస్తే మీకు బేరం తెలుస్తుంది. కాంట్రాక్టరుతో ఒప్పందంలో సాధారణంగా బాధ్యతకు పరిమితి ఉంటుంది, ఏడాది ఫీజుకో దానికి కొన్ని రెట్లకో. అంతకుమించి బ్యాంకు భరించాలి. సైబర్ బీమా ఉంటే దర్యాప్తు, ఉత్తరాలు, కాల్ సెంటరు, మానిటరింగ్ సేవ ఖర్చులు దాంట్లోంచి వస్తాయి. జరిమానాలకు బీమా చాలా చోట్ల చెల్లదు. అమెరికా పెట్టుబడి బ్యాంకు మోర్గాన్ స్టాన్లీ డేటా సెంటర్లు మూసేటప్పుడు, డేటా చెరిపిన అనుభవం లేని సామాన్లు తరలించే కంపెనీకి సర్వర్లు అప్పగించింది. వాటిలో కొన్ని డేటాతో సహా వేలానికి వెళ్లాయి. 2020లో ఒక నియంత్రణ సంస్థ 6 కోట్ల డాలర్లు, 2022లో మరొకటి 3.5 కోట్ల డాలర్లు జరిమానా వేశాయి, ఖాతాదారులతో రాజీకి మరో 6 కోట్లు. మిగుల్చుకున్న ఖర్చు కంటే ఎన్ని రెట్లయిందో ఊహించుకోండి. ఇది వాటాదార్ల డబ్బే తప్ప సంతకం పెట్టిన మేనేజరుది కాదు. ఉద్యోగి ఒకడు పగతో లీక్ చేస్తే ఇంకో చిక్కు. బ్రిటన్ సుప్రీంకోర్టు 2020లో మోరిసన్స్ సూపర్‌మార్కెట్ల కేసులో, అలాంటి ఉద్యోగి చేసిన పనికి యజమాని బాధ్యుడు కాదంది. అయితే సంస్థ సొంత భద్రతలో లోపముంటే ఆ లోపానికి జవాబు చెప్పాల్సిందే.

ఇప్పుడు ఆ మూడో రకం. బ్యాంకు నుంచి ఫోన్. అవతలి గొంతు మీ ఖాతా నంబరు చివరి అంకెలు, పుట్టిన తేదీ, శాఖ పేరు గడగడా చెబుతుంది. "మీ ఖాతా మీద దాడి జరుగుతోంది, డబ్బు సురక్షిత ఖాతాకు మార్చండి" అంటుంది. మీరే బదిలీ చేస్తారు. చట్టం దృష్టిలో ఇది మీరు ఒప్పుకున్న లావాదేవీ, పైన చెప్పిన రక్షణలేవీ వర్తించవు. బ్రిటన్ దీనికోసం 2024 అక్టోబరు 7 నుంచి ప్రత్యేక నియమం తెచ్చింది. దేశంలోపలి బదిలీల్లో ఇలా మోసపోతే 85,000 పౌండ్ల దాకా తిరిగివ్వాలి, పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం. బ్యాంకు 100 పౌండ్ల వరకు మినహాయించుకోవచ్చు. సింగపూర్‌లో 2024 డిసెంబరు నుంచి కొన్ని రకాల ఫిషింగ్ (నకిలీ లింకులతో వివరాలు లాగే) మోసాల్లో బ్యాంకు, ఆ తర్వాత టెలికాం సంస్థ తమ విధులు చేయకపోతే నష్టం వాళ్లదే. భారతదేశంలో ఓటీపీ, పాస్‌వర్డ్ మీరే ఇచ్చినట్టయితే ఫిర్యాదు చేసేదాకా నష్టం మీది, చేసిన క్షణం నుంచి జరిగేది బ్యాంకుది. అందుకే ఆ ఫిర్యాదు నిమిషం, సెకను ముఖ్యం. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఈ నియమాలు లేని చోట మీ చేతిలో మిగిలే ఆయుధం ఆ ఉత్తరమే. దొంగ ఏ వివరాలు చెప్పి మిమ్మల్ని నమ్మించాడో, అవే వివరాలు లీకయ్యాయని బ్యాంకు స్వయంగా రాసిచ్చింది. నిర్లక్ష్యం అనే వాదనకు ఇంతకంటే గట్టి జవాబు ఉండదు: "ఆ సమాచారం తెలిసినవాడు మీ మనిషే అయి ఉంటాడని ఎవరైనా అనుకుంటారు, అది బయటికి వదిలింది మీరు." అందుకే అలాంటి ఫోన్ వచ్చి, మీరు మోసపోకపోయినా, అతను ఏయే వివరాలు చెప్పాడో తేదీ, సమయంతో రాసుకోండి. లీకైన జాబితాతో అది సరిపోలితే రేపు ఇంకెవరి కేసుకైనా పనికొస్తుంది. కాయిన్‌బేస్ అనే క్రిప్టో సంస్థలో 2025లో లంచం తీసుకున్న సపోర్టు సిబ్బంది వివరాలు అమ్ముకుంటే, ఆ వివరాలతో మోసపోయి డబ్బు పంపిన ఖాతాదారులకు తిరిగిస్తామని సంస్థే ప్రకటించింది. చట్టం బలవంతం చేసి కాదు, పరువు కోసం. బ్యాంకును కూడా అలా అడగడంలో తప్పు లేదు.

మీ పేరున ఇంకో చోట ఎవరో అప్పు తీసుకోవడం ఇంకో కథ. ఆ అప్పు మీది కాదు, నష్టం ఆ అప్పిచ్చినవాడిది. కానీ రికార్డు శుభ్రం చేయించుకునే తిరుగుడంతా మీది. అమెరికాలో గుర్తింపు దొంగతనం నివేదిక ఇస్తే క్రెడిట్ బ్యూరో నాలుగు పనిదినాల్లో ఆ పద్దును కనపడకుండా చేయాలి. భారతదేశంలో క్రెడిట్ సమాచారం సరిచేయడం 30 రోజులు దాటితే 2024 ఏప్రిల్ నుంచి రోజుకు 100 రూపాయల పరిహారం ఉంది. అడగకపోయినా ఇవ్వాల్సిందే కానీ, రాతలో అడిగితేనే కదులుతుంది.

ఈ వారం చేయాల్సింది. ముందుగా ఆ ఉత్తరాన్ని కవరుతో సహా దాచండి, ఈమెయిల్ అయితే మొత్తం హెడర్‌తో సేవ్ చేయండి. అందులోని లింకులు, నంబర్లు వాడొద్దు. లీకు వార్త రాగానే నకిలీ పరిహార ఉత్తరాలు కూడా బయల్దేరతాయి. కార్డు వెనక ఉన్న నంబరుకే ఫోన్ చేయండి. తర్వాత బ్యాంకుకు ఒక పేజీ మించకుండా రాయండి. నా వివరాల్లో ఏయే అంశాలు పోయాయి, ఘటన ఏ తేదీన, మీకు తెలిసింది ఏ తేదీన, డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉందా, అయితే తాళం చెవి కూడా అక్కడే ఉందా, కాంట్రాక్టరు పేరేమిటి. చివర ఒక వాక్యం: "ఈ ఘటన వల్ల ఇప్పుడు గానీ ముందు గానీ కలిగే నష్టం మీద నా హక్కులన్నీ నిలుపుకుంటున్నాను." జీడీపీఆర్ వర్తించే చోట నెలలోపు జవాబివ్వాలి. ఎన్‌క్రిప్షన్ ప్రశ్నకు జవాబు దాటవేస్తే, లేదనే అనుకుని ముందుకు వెళ్లండి.

పోయినవాటిలో మార్చగలిగేవి మార్చేయండి. కార్డు నంబరు, పాస్‌వర్డ్, భద్రతా ప్రశ్నల జవాబులు సులువు. ఖాతా నంబరు మార్చమంటే శాఖలో విసుక్కుంటారు, జీతం, ఈఎంఐలు, ఆటో చెల్లింపులు అన్నీ కదపాలి. ఒక్క నంబరే పోతే అంత అవసరం లేదు. సంతకం, గుర్తింపు పత్రం నకలు రెండూ కలిసి పోతే మాత్రం నేనైతే మార్చమనే అంటాను. పుట్టిన తేదీని ఎవరూ మార్చలేరు, కాబట్టి దాన్ని గుర్తింపుగా అడిగే చోటల్లా అదనంగా ఒక రహస్య పదం పెట్టమని అడగండి, ఫోన్ కంపెనీలో ముందు. క్రెడిట్ ఫ్రీజ్ (మీ పేరున కొత్త అప్పు పుట్టకుండా మీ క్రెడిట్ రికార్డును మూసేయడం) ఉన్న దేశంలో ఉంటే మానిటరింగ్ కంటే అదే మేలు. మానిటరింగ్ దొంగ లోపలికి వచ్చాక గంట కొడుతుంది, ఫ్రీజ్ తలుపే వేస్తుంది. అమెరికాలో 2018 సెప్టెంబరు నుంచి అది ఉచితం. ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో అడిగితే ఒక పనిదినంలో పెట్టాలి, తీయమంటే గంటలో తీయాలి.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. తేదీ, ఎవరితో మాట్లాడారు, ఎంతసేపు, ఫిర్యాదు నంబరు, పోస్టు, ప్రయాణం, నకళ్ల ఖర్చు. సెలవు పెట్టాల్సి వస్తే ఆ రోజు జీతం కాగితం. పైన చెప్పిన రాజీల్లో పెద్ద మొత్తాలు అడిగే వీలుండేది ఇలాంటి నోటుబుక్కు ఉన్నవాళ్లకే. బ్యాంకు జవాబు నచ్చకపోతే అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లే గడువు కూడా అందులోనే మొదటి పేజీలో రాసుకోండి. బ్రిటన్‌లో బ్యాంకు తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు వెళ్లాలి. భారతదేశంలో బ్యాంకుకు రాసి 30 రోజులు ఆగాక వెళ్లొచ్చు, ఆ తర్వాత ఎంతకాలంలోపు వెళ్లాలో అప్పుడు అమల్లో ఉన్న పథకంలో చూసుకోండి.

ఖాతా వ్యాపారం పేరున ఉంటే పైన చెప్పినదాంట్లో చాలా భాగం మర్చిపోండి. అమెరికా 'రెగ్యులేషన్ ఈ' (E) వర్తించేది వ్యక్తుల ఖాతాలకే. వ్యాపార ఖాతాలో, బ్యాంకు వాణిజ్యపరంగా సమంజసమైన భద్రతా పద్ధతి ఇచ్చి దాన్ని పాటించిందని చూపితే నష్టం మీ మీదే పడే అవకాశం ఎక్కువ. జీడీపీఆర్ కూడా మనుషుల డేటాకే, కంపెనీల డేటాకు కాదు. చిన్న వ్యాపారులు తమకూ అవే రక్షణలున్నాయనుకుని వారాల తరబడి స్టేట్‌మెంటు చూడకపోవడం చాలా ఖరీదైన పొరపాటు. ఇద్దరు ఆమోదిస్తేగానీ బదిలీ కాని ఏర్పాటు, రోజువారీ పరిమితి, కొత్త లబ్ధిదారుకు కొన్ని గంటల ఆలస్యం, ఈ మూడూ బ్యాంకును అడిగి పెట్టించుకోండి.

ఇక ఆ ఉచిత మానిటరింగ్. తీసుకోండి, కానీ నమోదు చేసేముందు షరతుల పేజీలో మూడు చూడండి. కోర్టుకు బదులు మధ్యవర్తిత్వమే, సామూహిక దావాలో చేరను అనే వాక్యం ఉందా. ఈక్విఫ్యాక్స్ 2017లో మొదట ఇచ్చిన ఉచిత సేవలో అలాంటిది ఉంటే, జనం గొడవ చేశాక తీసేశారు. రెండు, "ఈ సేవ అంగీకరించడంతో అన్ని క్లెయిములు పరిష్కారమైనట్టు" అనే మాట ఉందా. ఉంటే నమోదు చేయకుండా, అది తీసేసి ఇవ్వమని బ్యాంకుకు రాయండి. మూడు, కార్డు నంబరు అడుగుతున్నారా. ఉచితమైనదానికి కార్డు ఎందుకంటే ఏడాది తర్వాత దానంతటది డబ్బు కోయడానికి. ఇచ్చి ఉంటే రద్దు తేదీ రాసుకోండి. ఏడాదికి బదులు ఎక్కువకాలం అడగడానికి కూడా మొహమాటపడొద్దు. పోయినవాటిలో పుట్టిన తేదీ, గుర్తింపు పత్రం ఉన్నాయి, వాటికి ఏడాది తర్వాత కాలం చెల్లదు. ఆ మాటే కారణంగా రాసి ఐదేళ్లు అడగండి. రెండో మూడో ఇచ్చినా, అడిగినట్టు కాగితం మీ దగ్గర ఉంటుంది.